కోయాక్సియల్ హెలికాప్టరు గాలిలో ఎందుకు నిలవదు, ఎప్పుడు నిలుస్తుంది

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీరు నిజాంపేటలో అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో ఉంటున్నారు. ఎనిమిదో తరగతి చదివే మీ అబ్బాయికి రిమోటుతో ఎగరేసే నాలుగు ఛానళ్ల (నాలుగు విడివిడి అదుపులున్న) కోయాక్సియల్ హెలికాప్టరు కొన్నారు, అంటే ఒకే ఇరుసు మీద ఒకదానిపై ఒకటిగా రెండు రోటర్లు (తిరిగే రెక్కల జతలు) ఉన్నది. దాని రెక్కల వ్యాసం సుమారు 34 సెంటీమీటర్లు, బ్యాటరీతో కలిపి బరువు 220 గ్రాములు. హాలులో ఫ్యాను ఆపితే చాలు, అది మేకు కొట్టి తగిలించినట్టు గాలిలో కదలకుండా నిలబడుతోంది. అదే యంత్రాన్ని సాయంత్రం అయిదు గంటలకు మేడ మీదికి తీసుకెళ్తే, పిట్టగోడ ఎత్తు దాటగానే వెనక్కి ఒరిగి, పైకి లేచి, మీరు స్టిక్కును చివరిదాకా ముందుకు నెట్టినా లెక్కచేయకుండా వెళ్లి పక్క వీధిలో పడింది. పడేలోగా పై రెక్కలూ కింది రెక్కలూ ఒకదానికొకటి కొట్టుకున్న చప్పుడు కూడా విన్నారు. గాలిలో దీన్ని అదుపు చేసే పద్ధతి ఏమిటని, ఇంతకంటె పెద్దది కొంటే మేలా అని, నౌకాదళంవారి కామోవ్ హెలికాప్టర్లు కూడా కోయాక్సియల్‌వే కదా, అవి సముద్రపు గాలిలో ఓడ మీద దిగుతుంటే మనది పిట్టగోడ దగ్గరే ఎందుకు ఓడిపోయిందని అడిగారు.

మూడో ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగిలిన రెండింటికీ జవాబు దానిలోనే ఉంది. భారత నౌకాదళం వాడే కామోవ్ 28, కామోవ్ 31 హెలికాప్టర్లకూ మీ బొమ్మకూ పోలిక ఒక్కటే: ఒకే ఇరుసు మీద రెండు రోటర్లు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి, ఒకదాని మెలితిప్పు బలాన్ని మరొకటి కొట్టివేస్తుంది, కాబట్టి తోక రోటరు అక్కర్లేదు. ఆ తరువాత పోలిక లేదు. కామోవ్‌లో పై రోటరు రెక్కలూ, కింది రోటరు రెక్కలూ రెండూ తమ వాలును పైలట్ చెప్పినట్టు మార్చుకుంటాయి. మీదాంట్లో రెక్కల వాలు స్థిరం. ఎత్తు పెరగాలంటే మోటారు వేగం పెరగాలి, పక్కకు తిరగాలంటే ఒక మోటారు వేగం పెరిగి రెండోది తగ్గాలి. ముందుకూ వెనక్కూ పక్కలకూ నడిపే స్వాష్‌ప్లేట్ కింది రోటరుకు మాత్రమే ఉంది. పై రోటరు మీ మాట వినదు. అది దాని మీద అడ్డంగా ఉన్న ఫ్లైబార్ మాట వింటుంది. చివర్లలో బరువులున్న ఆ కడ్డీ బొంగరంలాగా తాను తిరిగే తలాన్ని వదలనంటుంది, రెక్కలను కూడా ఆ తలానికే లాగుతుంది. హాలులో మీరు మెచ్చుకున్న నిలకడ అంతా ఆ కడ్డీ మొండితనమే. ఆరుబయట మీరు స్టిక్కు ముందుకు నెట్టినప్పుడు కింది రోటరు ముందుకు వంగాలని చూస్తుంది, పై రోటరు వద్దంటుంది. ఆ బేరంలో మీకు దక్కే ముందు వేగం చాలా కొద్ది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూపిస్తాను. హెలికాప్టరు గాలిని కిందికి తోసి పైన నిలబడుతుంది. మీ యంత్రం 220 గ్రాములను 34 సెంటీమీటర్ల వృత్తంతో మోయడానికి, రెక్కల తలం దగ్గర గాలిని సెకనుకు దాదాపు 3.2 మీటర్ల వేగంతో, అంటే గంటకు పదకొండున్నర కిలోమీటర్లతో, కిందికి తోయాలి. పన్నెండు టన్నుల బరువు, దాదాపు 16 మీటర్ల రోటరు ఉన్న కామోవ్‌కు అదే లెక్క వేస్తే సెకనుకు పదహారు మీటర్ల దాకా వస్తుంది. అంటే గంటకు 10 కిలోమీటర్ల చిరుగాలి కామోవ్ తోసే గాలిలో అయిదో వంతు కూడా కాదు, మీ బొమ్మకు మాత్రం అది తాను ఊపిరి బిగబట్టి తోసే గాలికి ఇంచుమించు సమానం. మన ముఖానికి హాయిగా తగిలే పిల్లగాలి దానికి గాలివాన.

గాలి విసురు తగిలినప్పుడు ఏం జరుగుతుందో మీరు చూసిన దృశ్యాన్నే నెమ్మదిగా మళ్లీ చూద్దాం. ఎదురుగాలిలోకి వెళ్లే రెక్కకు గాలి ఎక్కువగా తగులుతుంది, దూరంగా పోయే రెక్కకు తక్కువగా తగులుతుంది; ఆ తేడా వల్ల రోటరు పళ్లెం, అంటే తిరిగే రెక్కలు గీసే వృత్తం, మొత్తంగా వెనక్కి ఒరుగుతుంది. అదే సమయంలో అడ్డంగా వచ్చే గాలి వల్ల రెక్కలకు ఎత్తే బలం కాస్త పెరుగుతుంది. అందుకే అది వెనక్కి ఒరుగుతూ పైకి కూడా లేచింది. కొత్తవారు అప్పుడు రెండు పొరపాట్లు చేస్తారు, నేనూ చేశాను: పైకి లేచిందని థ్రాటిల్ (మోటార్ల వేగాన్ని పెంచి తగ్గించే స్టిక్కు) ఒక్కసారిగా దించుతారు, వెనక్కి పోతోందని స్టిక్కు చివరిదాకా ముందుకు గుంజుతారు. రెండోదాని ఫలితమే మీకు వినిపించిన చప్పుడు. గాలి పై రోటరు పళ్లేన్ని వెనక వైపు కిందికి వంచింది. మీరు ముందుకు నెట్టిన స్టిక్కు కింది రోటరు పళ్లేన్ని ముందు కిందికీ వెనక పైకీ ఎత్తింది. రెండు పళ్లేల మధ్య ఉండే కొద్దిపాటి ఎడం వెనక వైపున మూసుకుపోయి రెక్కలు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి. విరిగిన ముక్కలు పారేయకుండా ఉంటే చూడండి, పై రెక్క అడుగు భాగాన, కొనకు దగ్గరగా దెబ్బ కనబడాలి.

కాబట్టి గాలిలో కోయాక్సియల్‌ను ఎగరేయడం అంటే గాలితో కుస్తీ పట్టడం కాదు. కృష్ణలో పుట్టిని చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. పుట్టి ఒరిగిపోదు, చంటిపిల్లను కూర్చోబెట్టినా భయం లేదు, కానీ నీరు ఎటు పోతే అటు పోవడమే దాని స్వభావం. తెడ్డుకు ఉన్న బలమెంతో తెలిసినవాడే ఎంత ప్రవాహం దాకా దిగవచ్చో చెప్పగలడు. మీ హెలికాప్టరుకు ఉన్న తెడ్డు బలం దాని ముందు వేగం. ముందుగా మీరు చేయవలసిన పని దాన్ని కొలవడం. ఆకు కదలని తెల్లవారుజామున మీ కాలనీ బ్యాడ్మింటన్ కోర్టుకు వెళ్లండి. కోర్టు పొడవు 13.4 మీటర్లు. ఒక చివర గీతకు కొంచెం వెనకనుంచి బయలుదేరి, స్టిక్కు పూర్తిగా ముందుకు పెట్టి, గీత నుంచి గీతకు ఎన్ని సెకన్లు పట్టిందో అబ్బాయిని ఫోనులో కొలవమనండి. అటూ ఇటూ నాలుగైదుసార్లు కొలిచి సగటు తీయండి. అయిదు సెకన్లు వచ్చిందనుకుందాం. అప్పుడు వేగం సెకనుకు 2.7 మీటర్లు, గంటకు దాదాపు 10 కిలోమీటర్లు. ఈ తరహా యంత్రాలతో నా అనుభవంలో వచ్చిన ఫలితాలన్నీ దీనికి కొంచెం అటూ ఇటూగానే ఉన్నాయి. ఆ సంఖ్యను రిమోటు వెనక కాగితం ముక్క మీద రాసి అతికించుకోండి. గాలి విసురు ఆ సంఖ్యలో సగానికి మించిన రోజు యంత్రం పెట్టెలోంచి బయటికి రాకూడదు.

సగం ఎందుకన్న అనుమానం రావచ్చు. గాలిలో ఒకచోట నిలబడటమంటే నిజానికి ముందుకు ఎగరడమే. గంటకు 8 కిలోమీటర్ల గాలిలో నేల మీది ఒక బిందువు పైన నిలవాలంటే ఆ యంత్రం గంటకు 8 కిలోమీటర్లు ఎగురుతూ ఉండాలి. దాని మొత్తం శక్తి 10 అయితే మీ చేతిలో మిగిలినది 2 మాత్రమే. పొరపాటున తోక గాలికి తిప్పి పది సెకన్లు వదిలేశారనుకోండి, రెండు వేగాలూ కలిసి గంటకు 18 కిలోమీటర్లవుతాయి, పది సెకన్లలో అది 50 మీటర్ల దూరం పోతుంది. మళ్లీ ముక్కు తిప్పి తీసుకురావాలంటే గంటకు 2 కిలోమీటర్ల వేగంతో ఆ 50 మీటర్లు దాటడానికి సరిగ్గా 90 సెకన్లు పడుతుంది. అంతసేపు బ్యాటరీ పూర్తి బలంతో పని చేయాలి, గాలి ఒక్కసారి కూడా పెరగకూడదు, అంత దూరాన ముక్కేదో తోకేదో మీకు కనబడాలి. ఈ మూడూ కలిసిరావడం నేను ఒక్కసారే చూశాను, మిగతాసార్లు వెతుక్కోవడమే.

గాలిని కొలవడానికి చేతిలో పట్టుకునే చిన్న యంత్రాలు దొరుకుతాయి, కొంటే మంచిదే. లేకపోయినా నష్టం లేదు. ఫోనులో వాతావరణ యాప్ చూపించే వేగం నేలకు 10 మీటర్ల ఎత్తున ఉండేదని గుర్తుంచుకోండి. బయలు మైదానంలో మనిషి ఛాతీ ఎత్తున అది సుమారు మూడింట రెండు వంతులు ఉంటుంది, విసురులు మాత్రం సగటుకు ఒకటిన్నర రెట్లు దాకా పోతాయి. నేనయితే చెట్లను నమ్ముతాను. అయితే ఏ చెట్టు అన్నది ముఖ్యం. రావి ఆకుకు తొడిమ పొడవు, గాలి ఉన్నా లేకపోయినా అది అల్లల్లాడుతూనే ఉంటుంది, దాన్ని చూసి ఇంటికి తిరిగిపోయిన ఉదయాలు నాకు చాలా ఉన్నాయి. వేపచెట్టును చూడండి. వేపాకులు కదలక రావి ఆకులు మాత్రమే కదులుతుంటే ఎగరేయండి. వేపాకులు గలగలమంటూ ముఖానికి గాలి తెలుస్తుంటే అది గంటకు 6 నుంచి 11 కిలోమీటర్ల మధ్య గాలి, మీ యంత్రానికి అంచు. వేప రెమ్మలు కూడా ఆగకుండా ఊగుతుంటే, బట్టల తాడు మీద తువ్వాలు లేచి ఎగురుతుంటే, గాలి 12 దాటింది; ఇక ఆ రోజుకు అంతే.

మేడ గురించి కొంత విపులంగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లో ఈ అభిరుచి మొదలుపెట్టినవారందరూ మొదట మేడ మీదికే వెళ్తారు, అక్కడే పోగొట్టుకుంటారు. అయిదో అంతస్తు పైకప్పు నేలకు దాదాపు పదహారు మీటర్ల ఎత్తు. అక్కడి గాలి కింది వీధి గాలి కాదు. అంతకంటె పెద్ద చిక్కు పిట్టగోడ. దాన్ని కళ్లారా చూడాలంటే గాలి వీచే సాయంత్రం నాలుగు అగరుబత్తులు వెలిగించి మాపు కర్రకు దారంతో కట్టండి. గాలి ఎటునుంచి వస్తోందో ఆ వైపు పిట్టగోడకు రెండు మూడు అడుగుల ఇవతల, నేలకు అడుగు ఎత్తున కర్ర పట్టుకుంటే పొగ గాలి పోయే దిక్కుకు కాక, ఎదురు తిరిగి గోడ వైపే పాకుతుంది. కర్రను మెల్లగా పైకెత్తండి. గోడ అంచు ఎత్తుకు రాగానే పొగ ఒక్క క్షణం సుడి తిరిగి, ఆ పైన ఎవరో చేత్తో తుడిచేసినట్టు మీ వైపు ఎగిరిపోతుంది. మీ హెలికాప్టరు లేచింది ఆ కింది నిశ్చల ప్రదేశంలోంచి. గాలి లేదనుకుని లేపారు, మూడున్నర అడుగుల ఎత్తున అది ఒకేసారి పూర్తి గాలిలోకి తల పెట్టింది. సింటెక్స్ ట్యాంకు పక్కన, లిఫ్టు గది వెనక కూడా ఇదే పరిస్థితి. చాటు చూసుకుని గోడ వెనక ఎగరేస్తే క్షేమమని కొందరు సలహా ఇస్తారు. నా దృష్టిలో గోడ చాటు కంటె బయలు గాలి నయం. బయలులో గాలి ఎంత ఉన్నా ఒకే దిక్కునుంచి వస్తుంది. గోడకు, ఇంటికి, చెట్ల వరుసకు వెనక పక్క దాని ఎత్తుకు పది రెట్ల దూరం దాకా గాలి చెదిరే ఉంటుందని లెక్క వేసుకోండి.

హైదరాబాదులో ఏ వేళ, ఏ నెల మంచివన్నది తరువాతి విషయం. రాత్రి నేల చల్లబడి, దాని మీది గాలి పొర కదలకుండా పడుకుని ఉంటుంది. సూర్యుడు నేలను వేడిచేశాక పై పొరలతో కలిసి లేస్తుంది. అందువల్ల తెల్లవారినప్పటినుంచి ఎనిమిది దాకా దొరికే ప్రశాంతత తొమ్మిది తరువాత దొరకదు, మధ్యాహ్నం అసలే దొరకదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉదయాలు మనకు అన్నిటికంటె మేలైనవి. జనవరిలో మాత్రం సంక్రాంతి ముందూ వెనకా పది రోజులు పతంగుల మాంజా ఎక్కడ వేలాడుతోందో కంటికి కనబడదు; రెండు రోటర్ల నడుమ ఇరుసుకు అది ఒక్కసారి చుట్టుకుంటే బ్లేడుతో కోసి తీయాలి. రోహిణి కార్తె ఎండల్లో గాలి లేదనిపించే మధ్యాహ్నాలు మోసం చేస్తాయి, ఉన్నట్టుండి నేలమీద సుడిగాలి లేచి దుమ్ముతోపాటు దేన్నయినా ఎత్తుకుపోతుంది. ఏప్రిల్, మే సాయంత్రాల్లో పడమట మబ్బు కమ్మితే వానకంటె ముందు ఈదురుగాలి వస్తుంది. మృగశిర కార్తె నుంచి, అంటే జూన్, జూలైలలో, నైరుతి గాలులు ఉదయం కూడా తెరిపి ఇవ్వవు. ఆ రెండు నెలలు నేను రెక్కలు మార్చుకుంటూ, గేర్లు శుభ్రం చేసుకుంటూ ఇంట్లోనే గడుపుతాను.

వేడి గురించి ఎక్కువమంది ఆలోచించని సంగతి ఒకటి ఉంది. మన ఊరు సముద్ర మట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది, అందువల్ల గాలి ఇక్కడ ఎటూ పలచన. దానికి మే నెల 40 డిగ్రీలు తోడయితే గాలి సాంద్రత జనవరి ఉదయపు 15 డిగ్రీల నాటికంటె ఎనిమిది శాతం తగ్గుతుంది. సగం థ్రాటిల్ మీద తేలిగ్గా నిలబడే యంత్రానికి ఇది లెక్కలోది కాదు, కానీ ఈ చిన్న కోయాక్సియల్‌లు నిలబడటానికే శక్తిలో ఎక్కువ భాగం వాడేస్తాయి. మిగిలిన కొంచెంలోంచే గాలిని ఎదిరించాలి. బ్రష్ మోటార్లు కూడా వేసవిలో తొందరగా వేడెక్కుతాయి. ఒక బ్యాటరీ అయ్యాక పావుగంట ఆగి రెండోది పెట్టండి.

ఇక చేతి పద్ధతి. మైదానంలో నిలబడి గాలి మీ ముఖానికి తగిలేలా తిరగండి. మీ ఎదుట ఆరు మీటర్ల దూరంలో ముగ్గుపిండితో మూడు మీటర్ల వ్యాసమున్న వృత్తం గీయండి, మధ్యలో హెలికాప్టరును ముక్కు గాలి వైపు, తోక మీ వైపు ఉండేలా పెట్టండి. ఈ ఏర్పాటులో మీకు రెండు లాభాలున్నాయి: తోక మీ వైపు ఉండటం వల్ల కుడి ఎడమలు తారుమారు కావు, గాలి గెలిచినా అది యంత్రాన్ని మీ వైపే తెస్తుంది కాని ఊరవతలికి తీసుకుపోదు. చాలామంది గాలికి వీపు పెట్టి నిలబడి ఎదుట ఎగరేస్తారు, ఎందుకంటే ముఖాన దుమ్ము పడదు. తరువాత దాని వెనక పరుగెత్తుతారు. లేపేటప్పుడు నెమ్మదిగా లేపకండి. స్కిడ్లు (అడుగున ఉండే కాళ్లు) నేలను రాసుకుంటున్న సమయంలో గాలి తగిలితే పక్కకు బోల్తా పడుతుంది. థ్రాటిల్‌ను తడబడకుండా పెంచి మోకాలి ఎత్తుకు తీసుకురండి, అదే క్షణంలో ముందు స్టిక్కు కొద్దిగా నెట్టి అక్కడే పట్టి ఉంచండి. ఆ తరువాత నడుము ఎత్తు నుంచి తల ఎత్తు వరకే మీ ఆకాశం. ఎత్తు పెరిగే కొద్దీ గాలి పెరుగుతుంది కనుక, యంత్రం వెనక్కి వస్తున్నప్పుడు ఎత్తు పెంచడం ఎప్పుడూ తప్పు, ఎత్తు తగ్గించడం సాధారణంగా ఒప్పు.

విసురు వచ్చినప్పుడు స్టిక్కును నాలుగింట మూడు వంతులకు మించి నెట్టకండి, నెట్టాక ఆగండి. ఫ్లైబార్ వల్ల మీ ఆజ్ఞ అందడానికి కొంత ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని ఓపికగా భరించనివారు రెండోసారి, మూడోసారి నెడతారు, అన్నీ కలిసి ఒకేసారి పనిచేసి యంత్రం గోడ గడియారం లోలకంలాగా ఊగుతుంది. ఊగడం మొదలైతే స్టిక్కును మధ్యకు వదిలేయడమే మందు, రెండు మూడు ఊపుల్లో అదే సర్దుకుంటుంది. ముక్కు గాలి వైపునుంచి పక్కకు తిరుగుతుంటే రడ్డర్ (ముక్కును కుడి ఎడమలకు తిప్పే అదుపు) కొద్దిగా వాడండి. పొడవైన తోక ఉన్న యంత్రం గాలికోడిలాగా తనంతట తానే ముక్కు గాలికి పెడుతుంది, ఆ గుణాన్ని వాడుకోవచ్చు. పోరాడి పక్కకు తిప్పి నిలబెట్టాలని చూడకండి. వృత్తం దాటి మీ వైపు రెండు మీటర్లు వచ్చిందంటే దించేయండి. దించడం కూడా తొందరగానే జరగాలి: గడ్డి మీద జానెడు ఎత్తు దాకా తెచ్చి, థ్రాటిల్ పూర్తిగా మూసేయండి. జానెడు ఎత్తునుంచి గడ్డి మీద పడితే ఏమీ కాదు. థ్రాటిల్ తెరిచి ఉండగా రెక్క నేలకు తగిలి ఆగితే మాత్రం మోటారూ నియంత్రణ బోర్డూ రెండూ కాలిపోతాయి.

ఈ చివరి మాట నేను డబ్బు కట్టి నేర్చుకున్నది. 2008లో కొన్న నా మొదటి కోయాక్సియల్‌ను, శంకర్‌పల్లి వైపు ఇంకా ఇళ్లు లేవని ఒక వెంచర్‌లో ఎగరేస్తుండగా, గాలికి కొట్టుకుపోయి వేపచెట్టు నడికొమ్మలో చిక్కుకుంది. ఆ కంగారులో దాన్ని కిందికి రప్పించాలన్న ఆశతో థ్రాటిల్ పెంచాను. రెక్కలు కొమ్మకు పట్టేసి కదలలేదు, మోటార్లు మూలిగాయి, పది సెకన్లలో ఆకుల మధ్యనుంచి సన్నటి పొగ వచ్చింది. కర్రతో దులిపి కిందికి దించేసరికి పై భాగాలన్నీ కొత్తవాటిలాగా ఉన్నాయి, బోర్డు మీద మాత్రం నల్లగా గోరంత బొబ్బ. అప్పట్లో ఆ బోర్డు ధర యంత్రం ధరలో మూడో వంతు. చెట్టెక్కిన హెలికాప్టరు చెట్టు దయ మీద ఉందనుకుని రిమోటు స్టిక్కు సున్నాకు దించి, ఆ తరువాతే పైకి చూడాలి. కరెంటు తీగల మీద పడితే అది ఇక మీది కాదు. దాని కోసం కర్ర ఎత్తవద్దు, విద్యుత్ శాఖవారికి చెప్పండి.

యంత్రంలో మీరు చేయగల మార్పులు కొన్నే ఉన్నాయి, వాటివల్ల వచ్చే లాభమూ కొద్దే. బ్యాటరీని అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాకా ముందుకు జరిపితే ముక్కు కొంచెం కిందికి వాలి, గాలికి ఎదురు నిలవడానికి స్టిక్కు మీద భారం తగ్గుతుంది. ఇంట్లో ఎగరేసేముందు తిరిగి వెనక్కి జరపాలి. స్వాష్‌ప్లేట్‌ను కదిపే చిన్న మోటారు, అంటే సర్వో, చేతికి ఉన్న రంధ్రాల్లో కడ్డీని బయటి రంధ్రానికి మారిస్తే స్వాష్‌ప్లేట్ ఎక్కువ వంగుతుంది, నాకు అన్నిటికంటె ఎక్కువ ఉపయోగపడింది ఇదే, కానీ రెక్కలు కొట్టుకునే ప్రమాదాన్ని కూడా ఇది పెంచుతుంది కనుక స్టిక్కు మీద పొదుపు మరింత అవసరం. చూడటానికి అందంగా ఉండే ప్లాస్టిక్ ఒళ్లు తెరచాపలాగా గాలి పడుతుంది. నేను దాన్ని విప్పి ముందు భాగం మాత్రమే ఉంచుతాను. కొత్త రెక్కలు బిగించేటప్పుడు పై జతా కింది జతా ఒకటి కావని, ఒకటి సవ్యంగానూ మరొకటి అపసవ్యంగానూ తిరిగేవని చూసుకోండి, మరను బిర్రుగా బిగించకుండా యంత్రాన్ని పక్కకు వంచితే రెక్క తన బరువుకు తానే వాలేటంత వదులుగా ఉంచండి. గాలిలో కరెంటు ఎక్కువ ఖర్చవుతుంది కాబట్టి హాలులో పది నిమిషాలు ఇచ్చే బ్యాటరీకి బయట ఆరు నిమిషాలకే ఫోనులో గంట పెట్టుకోండి. ఈ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలో ఒక్కో సెల్ 3 వోల్టుల కిందికి పోతే మళ్లీ పూర్తిగా కోలుకోదు. ఎండలో నిలిపిన కారులో బ్యాటరీని వదిలి టిఫిన్‌కు వెళ్లకండి.

పెద్దది కొనడం గురించి. దుకాణాల్లో మీటరు పొడవున్న కోయాక్సియల్‌లు కనబడతాయి, బరువు ఉంది కాబట్టి గాలికి ఆగుతుందని చెబుతారు. పెట్టె మీద మూడు ఛానళ్లు అని ఉంటే దాన్ని అక్కడే పెట్టేయండి. వాటికి స్వాష్‌ప్లేట్ ఉండదు. తోక చివర చిన్న పంఖా తోకను పైకో కిందికో తోసి ముందుకూ వెనక్కూ నడుపుతుంది, పక్కలకు కదలడమనేది లేనే లేదు. ఒళ్లు పెద్దది కాబట్టి గాలి పట్టే మేర ఎక్కువ, తోక పంఖా బలం అంతే, పైగా పడితే ఎవరికైనా తగిలే దెబ్బ పెద్దది. అరచేతిలో పట్టే చిన్న ఇన్‌ఫ్రారెడ్ రకాలకైతే గాలికంటె ముందు ఎండే అడ్డం: సూర్యకాంతిలోని పరారుణ కిరణాలు రిమోటు సంకేతాన్ని మింగేస్తాయి. మీ దగ్గర ఉన్న 2.4 గిగాహెర్ట్జ్ నాలుగు ఛానళ్ల యంత్రమే ఆ కుటుంబంలో మెరుగైనది. నిజంగా గాలిలో ఎగరేయాలన్న కోరిక ఉంటే కోయాక్సియల్ కుటుంబాన్నే వదలాలి. రెక్కల వాలు మార్చగల ఒంటి రోటరు హెలికాప్టరుకు వెళ్లాలి. అది నేర్చుకోవడానికి కంప్యూటర్ సిమ్యులేటర్ మీద కొన్ని నెలలు పడుతుంది. అబ్బాయికి ఆ ఓపిక ఉందో లేదో ఈ శీతాకాలం ఉదయాలు చెబుతాయి, అప్పటిదాకా ఏమీ కొనకండి.

చోటు ఎంచుకునే ముందు ఒక పని తప్పక చేయండి. మన నగరం చుట్టూ శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్‌లలో విమాన క్షేత్రాలున్నాయి. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు, అంతకంటె తక్కువ బరువున్నవి నానో తరగతి కనుక మీ యంత్రానికి పైలట్ ధ్రువపత్రం అడగరు, కానీ ఎరుపు మండలంలో ఎంత చిన్నదైనా అనుమతి లేకుండా ఎగరకూడదు. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై పటంలో మీరు ఎంచుకున్న మైదానం ఏ రంగులో ఉందో చూసుకుని వెళ్లండి.

మీ అబ్బాయి మొదటి వారం వృత్తంలోనే ఉండాలి, రిమోటు అతని చేతిలో, మీ కన్ను వేపచెట్టు మీద. రెమ్మ కదలడం మొదలవగానే "దించు" అని మీరు చెప్పాలి, అతను కారణం అడగకుండా దించాలి. ఈ ఒప్పందం ఇంట్లోనే చేసుకుని రండి. విడి రెక్కలు రెండు జతలు, చిన్న స్క్రూడ్రైవరు, ముగ్గుపిండి పొట్లం సంచిలో వేసుకోండి. మేడ మీద పడిన యంత్రంలో లోపలి ఇరుసు వంగి ఉండవచ్చు. కొత్త రెక్కలు వేసేముందు దాన్ని బయటికి తీసి గాజు పలక మీద దొర్లించి చూడండి, ఎక్కడైనా ఎగిరెగిరి దొర్లితే ముందు దాన్ని మార్చండి.